బావరి – ఆవలి యొడ్డు

శరదారంభమున పగలును రేయియు సమమగు దినమును నడుమ నుంచుకొని, జపానులో ఏడు దినములు బౌద్ధాలయములు జనముతో నిండును. పితరుల సమాధులు కడిగి పూలుంచుదురు. జిగటబియ్యపు ముద్దలను ఎఱ్ఱగింజల తీపి పూర్ణముతో కప్పి నివేదింతురు. మన పల్లెలలో పెత్రమాస వచ్చునదియు ఇంచుమించు ఆ రోజులలోనే. ఆ పర్వమునకు హిగన్ అని పేరు. ఆవలి యొడ్డు అని దాని యర్థము.

ఈ మాట వినగానే గోదావరీ తీరవాసులకు బావరి జ్ఞప్తికి రావలెను. అతని శిష్యుల ప్రశ్నలకు బుద్ధు డొసగిన సమాధానములు గల భాగమునకు పాళీలో పారాయనవర్గ మని పేరు. పార మనగా ఆవలి యొడ్డే.

బావరి కోసలదేశపు బ్రాహ్మణుడు. ప్రసేనజిత్తునకు పురోహితుడై యుండి, కొలువు విడిచి దక్షిణాపథమునకు వచ్చెనని అట్ఠకథ చెప్పును. అస్సక రాజ్యమున, గోదావరి రెండు పాయలై చీలిన లంకలో, వెలగతోపున ఆశ్రమము కట్టుకొనెనట. నేటి నిర్మల్ జిల్లాలో, పూర్వపు ఆదిలాబాదులో, నది చుట్టుకొని పారు బాదనకుర్తియే ఆ లంక యని మన చరిత్రకారులు పలువురు తలతురు. పైఠాన్ చెంత నని వాదించువారును కలరు. ఏమైనను ఈ సీమలో తరువాత బౌద్ధము వేరూనిన దనుటకు కరీంనగరము దిక్కున ధూళికట్ట స్తూపము సాక్షి.

యజ్ఞముచేసి, ఉన్నదంతయు దానమిచ్చి కూర్చున్న బావరి కడకు, నడిచి నడిచి కాళ్లు వాచిన బ్రాహ్మణు డొకడు వచ్చి ఐదువందలు అడిగెను. లేదనగా, ఏడవనాటికి తల ఏడు వ్రక్కలగునని శపించి పోయెను. 120 ఏండ్ల వేదవేత్త ఆ మాటకు బెదరి అన్నము మానెను! నవ్వవలసిన పని లేదు. తల యననేమో, దానిని చీల్చు టననేమో తనకు తెలియదని ఆ వయసున ఒప్పుకొనిన గురువు ఆయన. తెలిసినవాడు బుద్ధు డొక్కడే యని ఒక దేవత చెప్పగా, అజితుడు మొదలు పింగియుని వరకు 16 మంది శిష్యులను ఆయన యొద్దకు పంపెను.

వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా నడిచి మగధ చేరిరి. అవిద్యయే తల యనియు, శ్రద్ధాస్మృతి సమాధులతో కూడిన విద్యయే దానిని చీల్చున దనియు బుద్ధుడు తెలిపెను. పిమ్మట ఒక్కొక్కరును తమ సందేహము లడిగిరి.

గురువునకు ఆ విశేషములు విన్నవించినవాడు, చూపు మందగించిన వృద్ధుడు పింగియుడు. అతని స్తుతి విని, అంతటివానిని క్షణమైన నెట్లు విడిచి యుండగలవని బావరి యడిగెను. దేహము బలహీనమై పోలేకున్నను, మనస్సు రేయింబవళ్లు అక్కడనే యున్నదని పింగియుడు బదులు చెప్పెను. ఆ సంభాషణము ముగియునప్పటికి బావరియు, లంక విడువకయే, అనాగామి ఫలము పొందెనని అట్ఠకథ.