నావికుల కథకుడు: కెప్టెన్ మారియట్

ఆంగ్ల సాహిత్యములో సముద్రమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. వారిలో ఒడ్డున నిలిచి కెరటములను చూచి వ్రాసినవారే అధికము. ఫ్రెడరిక్ మారియట్ ఆ కోవకు చెందినవాడు కాడు. బ్రిటిష్ నౌకాదళములో ఇరువదినాలుగేండ్లు పనిచేసి, కెప్టెన్ పదవి వరకు ఎదిగి, ఆ పిమ్మట కలమునే జీవనాధారము చేసికొన్నాడు. ఆయన నవలలను బాలుర వినోదమునకై వ్రాసిన సాహసగాథలుగా మాత్రమే తలచువారు కలరు. కాని ఆ వినోదము వెనుక, ఓడలపై తాను చూచిన అన్యాయమును మరువలేని మనస్సు ఒకటి ఉన్నది.

మారియట్ 1792 జూలై 10న లండన్‌లో జన్మించినాడు. తండ్రి జోసెఫ్ మారియట్ సంపన్నుడైన వర్తకుడు, పార్లమెంటు సభ్యుడు. తల్లి అమెరికాలోని బోస్టన్ నగరపు ఆడపడుచు. పిల్లవానికి బడి గిట్టలేదు. ఓడ ఎక్కవలెనని పలుమార్లు ఇల్లు విడిచి పారిపోయినాడు. పట్టి తెచ్చి పట్టి తెచ్చి విసిగిన తండ్రి తుదకు 1806లో అతనిని ‘ఇంపీరియస్’ అను యుద్ధనౌకలో మిడ్‌షిప్‌మన్‌గా, అనగా అధికారి పదవికి శిక్షణ పొందు బాలునిగా, చేర్పించినాడు. అప్పటికి అతని వయస్సు పదునాలుగేండ్లు.

ఆ నౌకకు నాయకుడు లార్డ్ కాక్రేన్. సాహసమునకు ఎంత పేరుపొందినవాడో, తన మనుష్యుల ప్రాణములను కాపాడుకొనుటలో అంత జాగరూకుడు. మొదటి ప్రయాణములోనే బాలునకు గొప్ప పాఠము దొరకినది. ఓడ ఇంకను సిద్ధము కాకమునుపే, రేవులోని పై అధికారి తొందరపెట్టుటచే బయలుదేరవలసి వచ్చినది. అది ఫ్రాన్సు తీరమున ఉషాంత్ దీవి చెంత రాళ్లను తాకి, వెంట్రుకవాసిలో గండము గడచినది. ఒడ్డున కూర్చున్నవాని ఆజ్ఞకు నడిసముద్రములోనివాడు ప్రాణము ఒడ్డవలసి వచ్చుననుట మారియట్ ఎన్నడును మరువలేదు. 1808లో స్పెయిన్ తీరమున రోజాస్ కోట రక్షణలోను, 1809లో ఫ్రెంచి నౌకలపై నిప్పుఓడలను వదలిన బాస్క్ రోడ్స్ యుద్ధములోను ఆయన పాల్గొన్నాడు.

నీటిలో పడినవారిని రక్షించుటకు ఆయన ఒకటికి రెండుసార్లు తానే సముద్రములో దుమికినాడు. 1811లో ‘ఈయోలస్’ నౌక తుపానులో చిక్కి ఒరిగిపోవుచుండగా, పెద్ద తెరచాపను మోయు అడ్డదూలమును నరకుటకు ముందుకు వచ్చినవాడు ఆయనయే. 1817లో వర్తక నౌకలకై ఒక సంకేతావళిని కూర్చి ప్రకటించినాడు. రంగురంగుల జెండాలు అంకెలను తెలుపును. ఆ అంకెలు ఓడల పేర్లను, రేవులను, మాటలను, వాక్యములను తెలుపును. దీనివలన దూరమున పోవు ఓడలు పరస్పరము మాటాడుకొనగలిగినవి. 1857లో బ్రిటిష్ ప్రభుత్వము కొత్త సంకేతావళిని ప్రకటించిన పిమ్మట గూడ ఇది కొంతకాలము వాడుకలో నిలిచినది.

ఆ కాలమున నౌకాదళమునకు మనుష్యులు చాలనప్పుడు, ‘ప్రెస్ గ్యాంగు’లనబడు ముఠాలు రేవులలో తిరిగి నావికులను బలవంతముగా పట్టుకొనిపోయెడివి. సంవత్సరములకొలది ఇంటి ముఖము ఎరుగక కొరడా దెబ్బలు తినుచు బ్రతికినవారు వేలకువేలు. 1822లో, తాను కొలువులో ఉండగనే, ఈ పద్ధతిని రద్దుచేయవలెనని మారియట్ ఒక చిన్న పుస్తకమును ప్రకటించినాడు. ఉన్నతపదవిని ఆశించువాడు చేయదగిన పని కాదది. తరువాత రాజైన నాల్గవ విలియమ్‌కు ఆ పుస్తకము రుచింపలేదనియు, మారియట్‌కు దక్కవలసిన కొన్ని గౌరవములు అందువలననే తప్పిపోయినవనియు చెప్పుదురు.

1824లో మొదటి బర్మా యుద్ధము వచ్చినది. కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన సేనలు అండమాన్ దీవులలో కలిసికొని రంగూనుపై దిగినవి. ‘లార్న్’ నౌకాధిపతిగా మారియట్ కొన్ని నెలలు అక్కడి నౌకాబలమునకు పెద్దయై వ్యవహరించినాడు. ‘డయానా’ అను చిన్న ఆవిరి ఓడ ఆ యుద్ధములో పనికి వచ్చినదన్న, అందులో ఆయన ప్రోద్బలము కలదు. కాని తమ దేశమును కాపాడుకొనుచున్న బర్మీయుల తుపాకులకన్న వానకాలపు జ్వరములు, స్కర్వీ, విరేచనములే దండును ఎక్కువ బలిగొన్నవి. ‘లార్న్’ నావికులును వానివాత పడినారు.

1829లో ఆయన మొదటి నవల ‘ఫ్రాంక్ మిల్డ్‌మే’ వెలువడినది. మరుసటి ఏడు ఉద్యోగమునకు రాజీనామా యిచ్చినాడు. ‘ది కింగ్స్ ఓన్’ నవలలో నాయకుడు, 1797 నాటి నోర్ నౌకల తిరుగుబాటులో ఉరికంబమెక్కిన నావికుని కుమారుడు. తిరుగుబాటుదారుని కొడుకును కథానాయకుని చేయుట ఒక నౌకాధికారికి సామాన్యమైన తెగువ కాదు. 1834లో ‘పీటర్ సింపుల్’, 1836లో ‘మిస్టర్ మిడ్‌షిప్‌మన్ ఈజీ’ ఆయన కీర్తిని స్థిరపరచినవి. కొట్టు, తిట్టు, ఆకలి, హాస్యము అన్నియు అందులో కలవు. తరువాత తరమున తానును ఓడల అధికారియై రచయితయైన జోసెఫ్ కాన్రాడ్ ఆయనను మెచ్చుకొని వ్యాసము వ్రాసినాడు.

అయినను మారియట్ దయకు ఎల్లలు లేకపోలేదు. తండ్రి కరేబియన్ దీవుల వర్తకుల పక్షము వహించి, బానిసత్వ నిర్మూలనమును ఎదిరించినవాడు. ఆ ధనముననే కుమారుడు పెరిగినాడు. ‘ఈజీ’లో మెస్టీ అను ఆఫ్రికా జాతీయుని ధీరునిగా, తెలివిగలవానిగా చిత్రించినను, అతని నోట వికటమైన భాషను పెట్టి నవ్వించుట మానలేదు. తెల్ల నావికుని బలవంతపు చాకిరిని అంత తీవ్రముగా ఖండించిన కలము, నల్లవాని బానిసత్వము దగ్గర అంత తీవ్రత చూపలేదు. నేటి పాఠకుడు ఈ రెండును ఒకేసారి చూడవలసినదే.

1843లో నార్ఫోక్ జిల్లాలోని లాంగ్‌హామ్ గ్రామమున స్థిరపడి, పొలము చూచుకొనుచు పిల్లల పుస్తకములు వ్రాసినాడు. ‘చిల్డ్రన్ ఆఫ్ ది న్యూ ఫారెస్ట్’ 1847లో వెలువడినది. ఆ ఏడు డిసెంబరు 20న ‘అవెంజర్’ అను ఆవిరి యుద్ధనౌక ఉత్తరాఫ్రికా తీరమునకు చేరువ రాళ్లను తాకి మునిగిపోయినది. ఓడలోనివారిలో బ్రతికి బయటపడినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. పోయినవారిలో మారియట్ పెద్దకుమారుడు, లెఫ్టినెంట్ ఫ్రెడరిక్, ఒకడు. ఎందరినో నీటినుండి పైకి లాగిన తండ్రి, అప్పటికే జబ్బుతో మంచము పట్టియున్నాడు. 1848 ఆగస్టు 9న, ఏబదియారవ ఏట, లాంగ్‌హామ్‌లో కన్నుమూసినాడు.

ఆయన కుమార్తె ఫ్లారెన్స్ మద్రాసు సైన్యపు అధికారిని పెండ్లాడి కొన్నియేండ్లు మన దేశమున నివసించినది; తానును నవలా రచయిత్రియై, 1872లో తండ్రి జీవితమును, లేఖలను ప్రకటించినది. నావికులను పట్టుకొనిపోవు పద్ధతి 1815 తరువాత క్రమముగా వాడుక తప్పినది. జెండాల సంకేతావళి స్థానమున వేరొకటి వచ్చినది. ఆ చీకటి గదులలో పండుకొని, పురుగుపట్టిన రొట్టె తిని, తమ పేరైనను మిగులక పోయిన నావికులు మాత్రము ఆయన నవలలలో నేటికిని మాటాడుచున్నారు.