కరువు రాకముందే సంఘం కట్టిన సావిత్రిబాయి

సావిత్రిబాయి ఫూలే పేరెత్తితే మన సభల్లో ముందు వచ్చేది బడి సంగతి. 1848లో పూనాలో ఆడపిల్లలకు చదువు చెప్పబోతే దారిలో ఆమె మీద పేడ, బురద కొట్టారు. అది చెప్పుకోవలసిందే. కానీ కూలి జనంలో తిరిగే మాకు ఆమె చేసిన ఇంకో పని ఎక్కువ దగ్గరగా తోస్తుంది.

ఆమె 1831 జనవరి 3న సతారా జిల్లా నాయ్‌గావ్‌లో పుట్టారు. తొమ్మిదేళ్లకే జోతీరావుతో పెళ్లి. అక్షరాలు దిద్దింది పెళ్లయ్యాకే. 1868లో ఆ దంపతులు తమ ఇంటి నీళ్లతొట్టిని అంటరానివాళ్లుగా దూరం పెట్టిన జనానికి తెరిచారు. తొట్టి ఏపాటిదని ఎవరైనా అనొచ్చు. ఎవరో వచ్చి చేది పోసేదాకా ఊరిబావి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవాళ్లని అడగండి ఏపాటిదో! 1873 సెప్టెంబరులో సత్యశోధక సమాజం పుట్టింది. పురోహితుడు లేకుండా పెళ్లిళ్లు చేశారు. పేదజనం కులం పక్కనపెట్టి ఒకచోట కూర్చోటం నేర్చుకున్నారు.

మూడేళ్లు తిరిగేసరికి, 1876లో, కరువు వచ్చిపడింది. రాయలసీమలో మన పెద్దలు ధాత కరువన్నది దీన్నే. సమాజం వాళ్లు చందాలు పోగుచేసి అన్నం పెట్టారు. పిల్లలకోసం ధనకవడిలో ఆశ్రమం నడిపారు. సావిత్రిబాయి పల్లెలెంట తిరిగారు. 1877 ఏప్రిల్లో జున్నర్ దగ్గరి ఓతూరు నుంచి ఆమె జోతీరావుకు రాసిన ఉత్తరంలో ఆ ఘోరమంతా వుంది. పశువులు చచ్చాయి, జనం ఊళ్లొదిలి పోతున్నారు, అందులోనూ షావుకార్లు పీక్కుతింటున్నారు. జనం తిరగబడితే పోలీసులు యాభైమంది సత్యశోధకుల్ని పట్టుకుపోయారు. ఆమె కలెక్టరుతో వాదించి వాళ్లని విడిపించారు. ఆ కలెక్టరే నాలుగు బండ్ల జొన్నలు కూడా పంపాడు. ఒంటరి ఆడమనిషి మొర అయితే వినేవాడా? ఆమె వెనక మూడేళ్లుగా నిలబడ్డ సమాజం వుంది.

మా సంగతి చెప్పుకోవాలంటే సిగ్గే. వరదొచ్చాక కమిటీ వేసి, నీరు తియ్యగానే మరిచిపోయిన రోజులు మాకూ వున్నాయి. ఏ గుడిసెకు బియ్యం అందలేదో లెక్క చెప్పే మనిషి అప్పుడు దొరకలేదు.

1890లో జోతీరావు పోయారు. చితి ముందు కుండ పట్టుకుని నడిచింది సావిత్రిబాయే. ఆడవాళ్లు శ్మశానానికే రాని కాలమది. ఆ తర్వాత సమాజం బరువు ఆమె మీద పడింది. 1893లో సాస్వడ్ మహాసభకు ఆమే అధ్యక్షురాలు.

1897లో పూనాకు ప్లేగు వచ్చింది. గడ్డ కనపడితే కన్నవాళ్లే దూరం జరిగే రోజులు. దత్తపుత్రుడు యశ్వంత్ డాక్టరు. ఊరిబయట, హడప్సర్ దగ్గర పొలాల్లో ఆయనచేత ఆసుపత్రి పెట్టించారు. ముంఢ్వా మహర్ వాడలో ఓ పిల్లాడికి ప్లేగు సోకిందని తెలిసి తనే వెళ్లి వీపున మోసుకొచ్చారు. పిల్లాడు బతికాడు. జబ్బు ఆమెకు అంటుకుంది. మార్చి 10న కన్నుమూశారు. అప్పటికి అరవై ఆరేళ్లు.