హైదరాబాదుకు వచ్చిన ఇంగ్లీషు ఉస్తాద్ – పిక్తాల్ సాహెబ్

మన పల్లెల పిల్లలు ఇంగ్లీషు చదివి, దేశాలు దాటి వెళ్ళి యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పే రోజులొచ్చాయి. భార్యాభర్తలిద్దరూ అట్లాంటి ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఇంట్లో పెద్దవాళ్ళకు సంతోషంతో పాటు ఒక బెంగ కూడా ఉంటుంది. పరాయి గడ్డమీద మన దీన్, మన నడవడి నిలుస్తాయా అని. అందుకే, అటునుంచి ఇటు వచ్చి ఉస్తాద్‌గా బతికి చూపిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకోవాలని మేము తలచాము. ఆయనే మర్హూమ్ ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ సాహెబ్.

ఆయన 1875 ఏప్రిల్ 7న ఇంగ్లండులో ఒక పాదరీ గారింట పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పేరున్న హారో స్కూలులో చదివినా, సర్కారు కొలువు కోసం రాసిన పరీక్షలో గట్టెక్కలేకపోయారు. అయితే ఏమి, నిరాశపడి కూర్చోలేదు. పాలస్తీనా, సిరియా దేశాలకు వెళ్ళి, సామాన్య జనంతో కలిసిమెలిసి తిరిగి అరబ్బీ నేర్చారు. అక్కడే ఇస్లాం స్వీకరించాలనుకుంటే, డమాస్కస్‌లోని ఒక పెద్ద ఆలిం తొందరపడవద్దని, ముందు తల్లిని తలచుకోమని హితవు చెప్పారట. 1896లో మ్యూరియల్ గారితో పెళ్ళయింది. నవలలు రాసి పేరు తెచ్చుకున్నారు. చివరకు 1917లో లండన్‌లో నలుగురి ముందు తాను ముస్లింనని ప్రకటించారు.

1920లో బొంబాయి వచ్చి బాంబే క్రానికల్ పత్రికకు ఎడిటర్ అయ్యారు. ఖిలాఫత్ ఉద్యమాన్నీ, గాంధీజీ సహాయ నిరాకరణాన్నీ సమర్థించారు. ఇంగ్లీషువాడై ఉండి ఇంగ్లీషు సర్కారుకు ఎదురు నిలవడం చిన్న సంగతి కాదు. ఉర్దూ కూడా ఇక్కడే నేర్చారు.

1925లో నిజాం ప్రభుత్వం ఆయనను చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా నియమించింది. అప్పుడు మన బెజ్జంకి కూడా ఆ రాజ్యంలోనిదే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలోనే, కానీ ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. తల్లిభాష, పరాయిభాష రెండూ కావాలన్న ఆ కాలపు ఆలోచనకు పిక్తాల్ సాహెబ్ సరిగ్గా సరిపోయారు. మ్యూరియల్ గారు కూడా సొంత ఊరు, చుట్టపక్కాలను వదిలి ఈ దేశంలో ఆయనతో కాపురం చేశారు. ఆమె గురించి చెప్పుకునేవారు తక్కువ గానీ, ఆ తోడు లేకుంటే ఆయన పని అంత సాఫీగా సాగేదా?

1927లో హైదరాబాదు నుంచి ఇస్లామిక్ కల్చర్ అనే త్రైమాసిక పత్రిక ఆయన సంపాదకత్వాన మొదలైంది. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తేవడానికి 1928లో నిజాం రెండేళ్ళు పూర్తి జీతంతో సెలవిచ్చారు. ఈజిప్టు వెళ్ళి అక్కడి ఆలింలతో సంప్రదించి, తప్పొప్పులు సరిచూసుకుని 1930లో ప్రచురించారు. అల్లాహ్ వాక్కుకు అనువాదం సాధ్యం కాదని, తాను ఇచ్చింది భావం మాత్రమేనని పుస్తకం పేరులోనే వినయంగా తెలిపారు.

1935లో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు. 1936 మే 19న కన్నుమూశారు. బ్రూక్‌వుడ్ ముస్లిం ఖబ్రస్తాన్‌లో ఆయన సమాధి ఉంది.

పరదేశంలో పాఠం చెప్పబోయేవారు ముందుగా ఆ దేశపు మాట నేర్వాలి, ఆ జనం కష్టసుఖాల్లో పాలుపంచుకోవాలి, తమ ఈమాన్‌ను కాపాడుకోవాలి. పిక్తాల్ సాహెబ్ జీవితం మనకు చెప్పేది ఇదే. ఇంగ్లీషు చదివితే దీన్ పోతుందని బిడ్డల్ని, ముఖ్యంగా ఆడబిడ్డల్ని, బడి మాన్పించే తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలని మా మనవి. ఆ ఇంగ్లీషులోనే ఆయన ఖురాన్ సందేశాన్ని లోకానికి అందించారు గదా!

అల్లాహ్ మర్హూమ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.