ఫోలిక్ ఆమ్లము – యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆంగ్లేయాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసి వచ్చెను. స్ప్రూ అను గ్రహణీవ్యాధి సోదరుని కబళించెను; ఆయనను సైతము పీడించెను. ఆ దుఃఖమే పరిశోధనకు బీజమయ్యెను.

హార్వర్డునందు ఫిస్కేతో కలసి, కండరములకు శక్తినొసగు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించిరి. 1940లో లెడర్లే సంస్థలో చేరిరి. 1945లో వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. స్ప్రూకును, ఒక విధమగు రక్తహీనతకును ఔషధమయ్యెను. 1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కునందు కన్నుమూసిరి.

ఆ ఔషధము మరియొక మేలు చేయగలదని వారెరుగరు. శిశువు మెదడునకును, వెన్నుపామునకును మూలమైన నాడీనాళము గర్భధారణమైన నాలుగు వారములలోనే మూసికొనును. మూసికొననిచో అంగవైకల్యమో మరణమో తప్పదు. అట్టి బిడ్డను కనిన తల్లులు మరల గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము సేవించినచో, ఆ లోపము నూటికి 72 వంతులు తగ్గునని 1991లో బ్రిటిషు పరిశోధన నిరూపించెను.

నేడు టేకుమట్ల వంటి పల్లెలలోను గర్భిణులకు ఈ మాత్రలు ఉచితముగా లభించును. కాని గర్భమని తెలియునప్పటికే ఆ నాలుగు వారములు తరచుగా గడచిపోవును. ముందుగానే వాడవలెనను మాట ఇంటింటికిని చేరవలెను. ఆ మాటను చేరవేయువారు ఉపాధ్యాయులును, విద్యార్థులునే.