ప్రకాశం పంతులు: ఆకతాయి కుర్రాడికి అర్జునుడి వేషం.. ఆంధ్రకేసరిని చేరదీసిన ఆ మాస్టారు ఎవరంటే?

ఆంధ్రకేసరి అనగానే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజు తుపాకీలకు ఛాతీ చూపించిన టంగుటూరి ప్రకాశం పంతులు గుర్తొస్తారు. కానీ ఆయన కుర్రతనంలో ముఖానికి రంగేసుకుని స్టేజీ ఎక్కారని, ఆడవేషాలు కూడా కట్టారని చాలామందికి తెలియదు.

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి గోపాలకృష్ణయ్య చనిపోయారు. తల్లి సుబ్బమ్మ పిల్లలతో ఒంగోలు చేరి, పూటకూళ్ల ఇల్లు నడుపుతూ సంసారం ఈదారు. పరీక్ష ఫీజుకు 3 రూపాయలు లేక తన పట్టుచీర తాకట్టు పెట్టారు.

తండ్రి లేడు. తల్లికి పొద్దంతా వంటతోనే సరి. కుర్రాడేమో ఆకతాయిలతో తిరుగుడు, గొడవలు. ఇక వీడింతే అని వదిలేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ మిషన్ స్కూల్ టీచర్ ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వదల్లేదు. ఆయనకు నాటకాలంటే ప్రాణం. ప్రకాశాన్ని చేరదీసి వేషాలు వేయించారు. రాజమండ్రికి మారినప్పుడు వెంట తీసుకెళ్లి చదివించారు. అక్కడ నాయుడు గారి నాటక సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాసేవారు. చిలకమర్తి గయోపాఖ్యానంలో ప్రకాశం అర్జునుడు. శరణన్నవాడికి ఇచ్చిన మాట కోసం ప్రాణంలాంటి కృష్ణుడితోనే యుద్ధానికి దిగే పాత్ర అది.

అలాగని చెడు సావాసాలు ఒక్కరోజులో పోలేదు. రాజమండ్రిలోనూ కొన్నాళ్లు నడిచాయి. అయినా మాస్టారు చెయ్యి వదల్లేదు. మద్రాసులో లా చదవడానికీ ఆయనే అండ.

ఇప్పుడు నిపుణులు డ్రామా థెరపీ అంటున్నది దీనికి దగ్గరి విషయమే. పిల్లలు తమ గురించి నేరుగా చెప్పుకోలేని కోపం, దిగులు, భయం.. ఇంకొకరి పాత్రలోకి వెళ్తే బయటికొస్తాయి. రిహార్సల్‌లో పక్కవాడి మాట వినాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. నాయుడు మాస్టారికి ఆ పేరు తెలియదు. పిల్లాడి మనసు మాత్రం తెలుసు.

ఆ కుర్రాడే బారిస్టర్ అయ్యారు. 1921లో స్వరాజ్య పత్రిక పెట్టారు. 1946లో మద్రాసు ప్రీమియర్, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూశారు.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అందులో కలిశాయి. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఇక్కడి బడుల్లోనూ తండ్రి లేని పిల్లలు, పనుల కోసం అమ్మానాన్న వలస వెళ్తే అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలు ఉంటారు. అల్లరి చేసేవాడికి వార్షికోత్సవంలో ఒక వేషం ఇచ్చి చూడటానికి పెద్ద ఖర్చేం కాదు.

పిల్లల్లో దిగులు, కోపం రోజుల తరబడి తగ్గకపోతే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు.