నింద తనకు, పేరు కుర్రాళ్లకు

1979 ఆగస్టులో నేను ఎనిమిదో తరగతి. లాలాగూడలో మా ఇల్లు. పొద్దున్నే నాన్న పేపరు చూసి, మన రాకెట్ సముద్రంలో పడిపోయిందని అమ్మతో చెప్పారు. కోట్లు నీళ్లపాలని వీధంతా ఒకటే నవ్వులు. సతీష్ ధవన్ పేరు మొదటిసారి విన్నది అప్పుడే.

ఆయన 1920లో శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో లెక్కలు, ఫిజిక్సుతో డిగ్రీ, తర్వాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే, అదీ చాలక మెకానికల్ ఇంజినీరింగు! మన పిల్లలు ఇంటర్లో గ్రూపు మారతామంటేనే ఇంట్లో యుద్ధం కదూ. అమెరికాలో డాక్టరేటు చేసి, 1951లో బెంగళూరు ఐఐఎస్సీలో చేరారు. 1962లో దానికే డైరెక్టరయ్యారు. విక్రం సారాభాయ్ హఠాత్తుగా పోయాక, 1972లో ఇస్రో భారం ఈయన మీద పడింది. ఐఐఎస్సీని వదిలేది లేదని చెప్పి మరీ ఒప్పుకున్నారు.

ఎస్సెల్వీ-3 రాకెట్ పొడుగు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. ఇంతా చేసి మోసేది 40 కిలోలే. ఆగస్టు 10న శ్రీహరికోటలో మొదటి దశ బాగానే మండింది. రెండో దశను దారిలో పెట్టే ఏర్పాటులో ఒక వాల్వు పట్టేసి, నైట్రిక్ యాసిడ్ ముందే కారిపోయింది. ఇంకేముంది, 317 సెకన్లకే బంగాళాఖాతంలో! సిలిండరుకి వాషరు పోతే వంట ఆగడం మనకు తెలియనిదా?

ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. కానీ విలేకరుల ముందుకి ధవన్ గారే వెళ్లి, తప్పు తన నెత్తిన వేసుకున్నారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం కలాం గారిని ముందుకి పంపారు. కలాం గారు ఆ సంగతి ఎన్ని సభల్లో చెప్పారో!

నాకది తెలిసి కూడా ఏం లాభం? నాలుగేళ్ల కిందట నా టైలరింగ్ షాపులో ఓ పెళ్లి బ్లౌజు పాడైంది. కొలతలు రాసింది నేనే. అయినా కస్టమరు ముందు కొత్తగా చేరిన పిల్ల పేరు చెప్పేశాను. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు.

ఒక్క గెలుపుతో రాకెట్ మీద నమ్మకం కుదరదు లెండి. 1981లో ఉపగ్రహం అనుకున్న ఎత్తుకి చేరలేదు, 1983లో చేరింది. 1984లో ధవన్ గారు తప్పుకున్నారు. ఏఎస్సెల్వీ 1987లో, 1988లో కూలింది. 1993లో మొదటి పీఎస్సెల్వీదీ అదే గతి. ఏడాది తిరిగేసరికి అది నిలబడింది. చంద్రయాన్, మంగళయాన్ దాని మీదే వెళ్లాయి. అలాంటిది కూడా 2025 మేలో మూడో దశలో తడబడింది.

ధవన్ గారు 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏడే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. వాళ్లమ్మాయి మన హబ్సిగూడ సీసీఎంబీలోనే శాస్త్రవేత్త అని తెలిసి ఎంత సంబరపడ్డానో.

చెన్నై వెళ్లినప్పుడల్లా సూళ్లూరుపేట దగ్గర కిటికీ పక్కకి జరుగుతాను. రాకెట్ ఎప్పుడూ కనబడలేదు. ఆ పిల్ల ఇప్పుడు మెట్టుగూడలో ఎక్కడో కుడుతోందట. ఈ ఆదివారం వెళ్లి కనుక్కోవాలి.