ఉక్కు నాణ్యతకు ఆస్తినే పూచీగా పెట్టిన దొరాబ్జీ టాటా

జంషెడ్‌పూర్: రైఫిల్ గొట్టం నాణ్యతను దాని పైమెరుగు తేల్చదు. గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల వంకర ఉన్నదేమో చూస్తారు. లోపలి వ్యాసాన్ని కొలుస్తారు. మామూలు కంటే అధిక పీడనం కలిగించే తూటాను పేల్చి, గొట్టం ఎక్కడైనా ఉబ్బిందా, చీలిందా అని పరిశీలిస్తారు. ఉక్కులోని లోపం అక్కడ బయటపడుతుంది. అటువంటి పరీక్షలకు నిలిచే ఉక్కును భారతీయులు తయారు చేయగలరా అన్న సందేహం ఇరవయ్యో శతాబ్దారంభంలో బలంగా ఉండేది. ఆ సందేహాన్ని తొలగించిన వారిలో ప్రముఖులు సర్ దొరాబ్జీ టాటా.

జంషెట్జీ టాటా జ్యేష్ఠ పుత్రుడైన దొరాబ్జీ 1859 ఆగస్టు 27న బొంబాయిలో జన్మించారు. కేంబ్రిడ్జిలో రెండేళ్లు చదివి, 1882లో బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాల నుంచి పట్టభద్రులయ్యారు. కొంతకాలం ‘బాంబే గెజిట్’ పత్రికలో పనిచేశారు. 1904లో తండ్రి మరణించడంతో ఉక్కు కర్మాగార స్వప్నాన్ని నెరవేర్చే బాధ్యత ఆయనపై పడింది.

లండన్ మార్కెట్‌లో పెట్టుబడి లభించలేదు. దొరాబ్జీ స్వదేశీయులనే ఆశ్రయించారు. 1907లో మూడు వారాల్లోనే సుమారు 8,000 మంది భారతీయులు అవసరమైన మూలధనాన్ని సమకూర్చారు. సాక్చి గ్రామం వద్ద నిర్మించిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది.

ఏటా 20,000 టన్నుల పట్టాలు కొంటామని ప్రభుత్వం అంగీకరించినా, అవి నిర్దేశిత ప్రమాణాలకు సరితూగాలన్నది షరతు. పట్టాపై బరువైన దిమ్మెను ఎత్తు నుంచి జారవిడిచి, అది విరగకుండా నిలుస్తుందో లేదో చూసేవారు. ఉక్కులో భాస్వరం హెచ్చితే పట్టా పెళుసై విరుగుతుంది. టాటాలు బ్రిటిష్ ప్రమాణాలకు తగిన పట్టాలు తయారు చేస్తే వాటిలో ప్రతి పౌనునూ తానే తింటానని రైల్వే ఉన్నతాధికారి సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్ పరిహసించినట్లు ప్రసిద్ధి.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ పరిహాసానికి సమాధానమిచ్చింది. మెసొపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రంగాలకు ఇక్కడి నుంచి దాదాపు 2,400 కిలోమీటర్ల పట్టాలు వెళ్లాయి. సైనికులు, ఆయుధాలు, ఆహారం వాటి మీదుగానే యుద్ధరంగాలకు చేరాయి. అప్‌కాట్ తన మాట నిలుపుకొని ఉంటే అజీర్తి తప్పేది కాదని దొరాబ్జీ చమత్కరించారని చెబుతారు. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి వచ్చి, ఆ పట్టణానికి జంషెట్జీ పేరు పెట్టారు.

యుద్ధానంతరం చౌక విదేశీ ఉక్కు వెల్లువెత్తడంతో సంస్థ సంక్షోభంలో పడింది. 1924లో జీతాలకు సైతం డబ్బు కరువైంది. దొరాబ్జీ తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలను ఇంపీరియల్ బ్యాంకుకు తాకట్టు పెట్టి, కోటి రూపాయల రుణం తెచ్చారు. కోహినూరు కంటే రెట్టింపు పెద్దదైన జూబిలీ వజ్రం కూడా ఆ నగలలో ఉంది. అదే ఏడాది దేశీయ ఉక్కుకు రక్షణ కల్పించే చట్టం వచ్చింది. సంస్థ క్రమంగా కోలుకున్నది.

1931లో మెహర్‌బాయి కన్నుమూశారు. దొరాబ్జీ తన సంపదను ధర్మనిధికి అంకితం చేసి, 1932 జూన్ 3న జర్మనీలో మరణించారు. దశాబ్దం తిరగకముందే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. జంషెడ్‌పూర్ కర్మాగారం అప్పుడు తూటాలను తట్టుకునే ఉక్కు పలకలను సైన్యానికి అందించింది. వాటిని అమర్చిన సాయుధ వాహనాలు ‘టాటానగర్’ పేరుతో ప్రసిద్ధికెక్కాయి. రైఫిల్ గొట్టాన్ని పేల్చి పరీక్షించినట్లే, అటువంటి పలకల నాణ్యతను వాటిపై కాల్చి నిర్ధారిస్తారు.